మూడో రీలులో ఆ చప్పుడు

రియోనీ నది మీద పొగమంచు విడకముందే
గురామ్ రొట్టెల కొట్లో సినిమా మొదలవుతుంది.
తెర ఉండదు.
నేలలోకి దిగిన మట్టి పొయ్యి,
దాని గోడలకు కరుచుకుని ఉబ్బే రొట్టెలు,
చేతులు కాచుకునే నలుగురు.
కుతాయిసిలో ఇప్పుడు ఇదే పెద్ద హాలు.
అసలు హాల్లో టైల్స్ అమ్ముతున్నారు.

లమ్జీరా ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపేది.
వార్తలన్నీ ఆమె దగ్గరే దిగుతాయి:
ఫలానా హీరో మోకాలు విరిగిందట,
కొండల్లో షూటింగ్ ఆగిపోయిందట,
గుర్రానికి మాత్రం రోజూ బత్తా ఇస్తున్నారట.
"గుర్రానికా?" అంటాడు గురామ్.
"అదే నయం. డైలాగు మర్చిపోదు."

ఎల్గుజాది మందుల షాపు.
చూసిన ప్రతి సినిమాకూ నోటుబుక్కులో ఒక గీత.
మార్కులు వెయ్యడు.
"మాత్రలకు వేస్తానా? పనిచేసిందా లేదా, అంతే."

నేను పిండి తూచే పిల్లని.
సినిమాలన్నీ నాకు వీళ్ళ నోటి మీదుగానే తెలుసు.
చూడనివే మరీ బాగా గుర్తు.

అన్నిటికంటే గుర్తు "ఉప్పు పడవ."
మూడో రీలు. ఆమె దీపస్తంభం తలుపు మూస్తుంది.
వయొలిన్లన్నీ ఒక్కసారి ఊపిరి బిగబడతాయి.
అప్పుడొక చప్పుడు.
టక్.
అంతే. మళ్ళీ సముద్రం.

ఆ టక్ మీద ఇరవై ఏళ్ళుగా తగువు.
లమ్జీరాకి అది ఆమె గుండె.
ఎల్గుజాకి ఒడ్డు తాకిన పడవ,
కనపడని పడవని వినిపించడమే దర్శకుడి గొప్పట,
రెండు పేజీలు రాసి పెట్టుకున్నాడు.
గురామ్‌కి డప్పు.
ఏ పండక్కి ఏ డప్పో అతనికీ తెలీదు,
ఒక పక్షం ఉండాలి గనక ఉన్నాడు.

ఇవాళ లమ్జీరా చలి కంటే ముందు లోపలికొచ్చింది.
"ఆ సంగీతం మళ్ళీ వేశారు! కొత్త రికార్డు!
దుమ్ము దులిపి, గీతలు చెరిపి,
అద్దంలా కడిగి పెట్టారు."
"మరింకేం?"
"టక్ లేదు."

పొయ్యి తప్ప ఎవరూ మాట్లాడలేదు.
ఎల్గుజా కళ్ళజోడు తీసి తుడిచాడు,
మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.
"పడవ మునిగిందన్నమాట."
"మనిషి చచ్చిందను," అంది లమ్జీరా.

మూల నుంచి దగ్గు.
అంబ్రోసి. రోజూ ఒక్క రొట్టె,
సరిగ్గా చిల్లర, మాట మాత్రం అప్పు కూడా ఇవ్వడు.
"అది నా కుర్చీ," అన్నాడు.

ఒక కాలు పొట్టిదట ఆ కుర్చీకి.
స్టూడియో వాద్యబృందంలో వెనక వరుస,
ఒళ్ళో బసూన్,
కాలి కింద మడిచిన స్వరాల కాయితం.
చివరి టేకులో కాయితం జారింది.
ఇంకో టేకుకి టేపు లేదు.
జీతంలో మూడు రూబుళ్ళు కోశారు.

"కాదు," అంది లమ్జీరా. "గుండె అది."
"రుజువు?" అన్నాడు ఎల్గుజా.
ముసలాయన నా స్టూలు లాక్కున్నాడు,
దాని కాలికింద ఒక రొట్టెముక్క పెట్టాడు,
కూర్చుని, కళ్ళు మూసుకుని,
మేం వినని వయొలిన్లు ఆగేదాకా ఆగి,
ఒరిగాడు.
టక్.

ఏమో. అదీ కాదు, కాకపోనూ లేదు.
"చెక్క వేరు," అన్నాడు తనే, కొంచెం సిగ్గుగా,
రొట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తలుపు పడగానే లమ్జీరా అందుకుంది:
"సరే, కుర్చీయే అనుకో.
సరిగ్గా అప్పుడే ఎందుకు జారింది?"

ఎల్గుజా ఉత్తరం రాస్తున్నాడు రికార్డు కంపెనీకి,
మందుల చీటీ వెనక, మందుల చీటీ అక్షరాలతోనే:
అయ్యా, మా కుర్చీ మాకు పంపగలరు.
లమ్జీరా సంతకం పెట్టి
పక్కన చిన్నగా "గుండె" అని రాసింది.
గురామ్ "డప్పు" అని.
నన్నూ పెట్టమన్నారు, చూడని సినిమాకి.
పిండి వేలితో ముద్ర వేశాను.

ఈ గోలలో ఆరు రొట్టెలు మాడాయి.
వాటి డబ్బులు ఎవరివన్నది
ఇంకా తేలలేదు.